నట్టల వేలిముద్రలు

వెలగగరువులో మేడిశెట్టి సూరిబాబు అంత చట్టానికి భయపడే మనిషి అంతకు ముందు పుట్టలేదు, ఇక ముందు పుట్టే సూచనలూ లేవు. పెళ్ళినాడు మూడు ముళ్ళూ వేసేసి, పురోహితుడి వంక తిరిగి, "రసీదు ఎవరిస్తారండి?" అని అడిగాడని ఊళ్ళో చెప్పుకుంటారు. అదంతా కల్పన అని అతని భార్య చక్రవేణి ఎన్నోసార్లు ఖండించింది. అడిగింది పురోహితుణ్ణి కాదట, సన్నాయి వాయించేవాణ్ణట.

అటువంటి మనిషి కౌజు పిట్టలు పెంచడానికి దిగాడు. కోళ్ళు పెంచుకుంటే ఎవడూ అడగడు. బాతుల్ని పెంచుకుంటే పలకరించేవాడు కూడా ఉండడు. కౌజు పిట్ట సంగతి వేరు. దాని ముత్తాతలు ఒకప్పుడు అడవిలో తిరిగాయి. అంచేత అది ఇంట్లో పుట్టి, ఇంట్లో పెరిగి, అడవి ఏ దిక్కున ఉంటుందో కూడా తెలియకుండా ఇంట్లోనే ఇగురైపోయినా సరే, కాగితాల్లో మాత్రం అడవి పక్షే. దాన్ని పెంచాలంటే పట్నంలో ఉన్న అడవి పక్షుల అనుమతుల మండలి వారి కాగితం కావాలి. కాగితం అన్న మాట చెవిన పడగానే సూరిబాబుకి ప్రాణం లేచొచ్చింది. ఆ కాగితం కోసమే పిట్టల్ని పెంచుతున్నాడు గానీ పిట్టల కోసం కాగితం తెచ్చుకోలేదని గిట్టనివాళ్ళు అనేవారు.

కాగితం మీద నలభై మూడు షరతులు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ అన్నీ ఒకసారి అప్పజెప్పుకునేవాడు. మొదట్లో మూడొందల పిట్టలూ షెడ్డులో తీగ పంజరాల మీద దర్జాగా ఉండేవి. తొమ్మిదో షరతు కొత్తగా సవరించి మండలివారు కబురు పెట్టారు: "పక్షికి నేల స్పర్శ కల్పించవలెను." సరేనని షెడ్డు పక్కన వల కట్టి, మట్టి నేల మీదికి పిట్టల్ని వదిలాడు. తొలకరి పడింది. మట్టిలోంచి వానపాములు వచ్చాయి. పిట్టలు వానపాముల్ని పెళ్ళిభోజనంలాగా తిన్నాయి. మరో మూడు వారాలకి ఒక్కొక్క పిట్టా మెడ చాచి, నోరు బార్లా తెరిచి, ఆకాశంలోకి చూడడం మొదలుపెట్టింది. అలా చూస్తూ చూస్తూ, పన్నెండు పిట్టలు పక్కకి ఒరిగిపోయాయి.

పశువుల డాక్టరు భ్రమరాంబ గారు వచ్చి, చచ్చిన పిట్ట గొంతు కోసి చూపించింది. లోపల ఎర్రటి దారపు ముక్కల్లాంటివి మూడు, ఒక్కొక్కటీ పంగలకర్రలా రెండు కొమ్మలుగా చీలి ఉన్నాయి.

"గొంతు నట్టలు సూరిబాబు గారూ. వానపాముల్లోంచి వచ్చాయి. ఈ పొడుగు కొమ్మ ఆడది, పొట్టి కొమ్మ మగది. ఒకసారి అతుక్కుంటే చచ్చేదాకా విడిపోవు."

చక్రవేణి వంగి చూసి బుగ్గ నొక్కుకుంది. "మా ఆడపడుచు మొగుడికి చూపించాలండి దీన్ని. ఆరు నెల్లకోసారి కూడా ఇంటికి రాడు."

డాక్టరమ్మ ఒక పొట్లం ఇచ్చింది. "మేతలో కలిపి ఏడు రోజులు పెట్టండి. నట్టలు ఊడిపోతాయి. ఆలస్యం చేశారో, పది పదిహేను రోజుల్లో షెడ్డు ఖాళీ."

చక్రవేణి ఆ పొట్లం విప్పబోతుంటే సూరిబాబు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. షరతు పదిహేడు."

"పదిహేడులో ఏవుంది మావా?"

కళ్ళు మూసుకుని అప్పజెప్పాడు. "అనుమతి పొందిన ఆవరణయందు నివసించు ఏ అడవి ప్రాణినైనను మండలి పూర్వానుమతి లేనిదే చంపుట, తరుముట, నివాసభ్రష్టము గావించుట నిషిద్ధము."

"అది పాములూ ఉడతలూ గురించి రాసుంటారు."

"అలాగని రాయలేదు కదే. ఒక్క పూట. ఎల్లి అడిగేసి వచ్చేత్తాను."

ఆ ఒక్క పూట కథే ఇది. భూమి పుట్టాక అంత పొడుగు పూట మళ్ళీ రాలేదు.

*

మండలి అధికారి చెరుకుమిల్లి త్రివిక్రమరావు గారు మాట్లాడితే కాగితం చదువుతున్నట్టుంటుంది. కాగితం చదివితే గుళ్ళో అర్చన చేస్తున్నట్టుంటుంది. సూరిబాబు దరఖాస్తు చదివి కళ్ళజోడు తీశాడు. ఆయన ఉద్యోగ జీవితంలో ఇంతవరకూ ఎవరూ అనుమతి అడిగి ఏ పురుగునీ చంపలేదు. ఆయన ముఖంలో తొలిచూలు బిడ్డని చూసిన తండ్రి కళ వచ్చింది.

"నట్ట యనునది ప్రాణియా, కాదా?"

"ప్రాణేనండి."

"దానిని మీరు కొని తెచ్చితిరా?"

"అయ్యో, లేదండి బాబూ."

"మేత వేసి పెంచితిరా?"

"నేనెందుకేత్తానండి!"

"అనగా, స్వేచ్ఛగా వచ్చినది, స్వేచ్ఛగా జీవించుచున్నది. అట్టి ప్రాణిని ఏమందురు?"

సూరిబాబుకి మూడో షరతులోని నిర్వచనాలన్నీ కంఠతా వచ్చు. అదే అతని కొంప ముంచింది. "అడవి ప్రాణంటారండి," అన్నాడు నీరుగారిపోయి.

"మీ పిట్ట పెంపుడు పక్షి. అనుమతి ఉన్నది. కోయవచ్చు, కూర వండవచ్చు. నట్టకు అనుమతి లేదు. కావున దానిని రక్షించవలెను."

"అయితే అండి, నట్టని చంపకూడదు గానీ పిట్టని చంపొచ్చా అండి?"

"ఇంతవరకు చంపవచ్చును," అన్నాడు త్రివిక్రమరావు గారు, కలం మూత తీస్తూ. "ఇకపై అదియును కుదరదు. నట్టకు పిట్టయే కదా అడవి? అడవిని ఇగురు పెట్టుదురా?"

ఆ సాయంత్రమే మండలి జీపు వెలగగరువు వచ్చి, మందు పొట్లాన్ని మారణాయుధం కింద రాసుకుని, గుడ్డసంచిలో పెట్టి లక్కముద్ర వేసింది. ఆ సంచిని షెడ్డు దూలానికి కట్టి, కింద తుపాకీ లేని కాపలావాణ్ణి కూర్చోబెట్టారు. నట్టలకి హాని కలిగించే పదార్థం ఎవరికీ ఇవ్వరాదని భ్రమరాంబ గారికీ, జిల్లాలో ఉన్న మిగతా డాక్టర్లకీ తాకీదులు వెళ్ళాయి. డాక్టరమ్మ ఆ తాకీదు చదువుకుని, తలుపేసుకుని పావుగంట నవ్వి, ఆ తర్వాత మరో పావుగంట ఏడ్చిందని ఆమె వంటమనిషి చెప్పింది.

"అడక్కుండా ఏసేస్తే పోయేది కదా మావా," అంది చక్రవేణి, దూలానికి వేలాడుతున్న సంచి వంక చూస్తూ.

సూరిబాబు బతికున్నవాటిని లెక్కపెట్టాడు. ఆ రోజుకి రెండొందల డెబ్భై పిట్టలున్నాయి.

*

మర్నాడు నట్టల జనాభా లెక్కలు. త్రివిక్రమరావు గారు చెప్పులు షెడ్డు బయట విడిచి, మునివేళ్ళ మీద నడుస్తూ లోపలికి వచ్చాడు. పిట్టలన్నీ మెడలు చాచి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"ఆహా! ఎంత హాయిగా ఆవులించుచున్నవి! సంతృప్తి లక్షణము. వ్రాసికొనుము."

గుమాస్తా రాసుకున్నాడు.

"ఊపిరాడక నోరు తెరుత్తన్నాయండి బాబూ," అంది చక్రవేణి. "తమరు ముక్కు మూసుకుని చూడండి, తమరికీ అదే సంతృప్తి కలుగుద్ది."

ఒక పిట్ట తల విదిలించి తుమ్మింది. అధికారి ఉలిక్కిపడ్డాడు. "ఆవాసము కంపించుచున్నది! ఇట్టి ప్రకంపనలు దినమునకు ఎన్ని?"

"ఏం చెప్పగలవండి, ఒకటే దగ్గు," అన్నాడు సూరిబాబు.

"ఆవాసము దగ్గకుండ చూచు బాధ్యత యజమానిది." అదీ రాసుకున్నారు.

లెక్కలో ఒక చిక్కు వచ్చింది. పంగలకర్రలాంటి నట్ట ఒకటా, రెండా? గుమాస్తా ఒకటన్నాడు, ఎందుకంటే ఒకటిగానే కనబడుతోంది. అధికారి రెండన్నాడు, ఎందుకంటే తలలు రెండున్నాయి. చర్చ మధ్యాహ్నం భోజనాలదాకా సాగింది. సూరిబాబు పిట్టకి నీళ్ళు పడుతూనే, "డాక్టరమ్మ గారు మొగుడూ పెళ్ళాం అని చెప్పారండి," అన్నాడు. అతనికి తెలిసిన నిజం దాచడం చేతకాదు.

దానితో త్రివిక్రమరావు గారి కంట నీరు తిరిగింది. "విడదీయరాని దంపతులు! మరణపర్యంతము!" అని పలికి, సగటున పిట్టకి మూడు జంటలని నిర్ణయించి, ఒక్కొక్క జంటకి ఉమ్మడి పట్టా మంజూరు చేశాడు.

ఇక ఊరు ఊరంతా ఎగిరి గంతేసింది. షెడ్డు ముందు నిలువెత్తు బోర్డు లేచింది. 'నట్టల అభయారణ్యము. నిశ్శబ్దము పాటింపుడు.' నట్ట వారోత్సవాలని ఏడు రోజులు పెట్టారు. 'పిట్టకో నట్ట, నట్టకో పట్టా' అని బళ్ళో పిల్లలు అరుచుకుంటూ ఊరేగారు. మిఠాయికొట్టు గోవిందు పంగలకర్ర ఆకారంలో ఎర్రజీళ్ళు పోసి, లెక్కపెట్టుకోలేనన్ని అమ్ముకున్నాడు. చుట్టుపక్కల ఏడూళ్ళ నుంచి కొత్త దంపతులు వచ్చి, నోరు తెరిచిన పిట్ట గొంతులోకి తొంగిచూసి, తామూ అలాగే కలిసుండాలని దణ్ణం పెట్టుకున్నారు. ఒక పెళ్ళికూతురు మరీ లోపలికి తొంగిచూస్తే, పిట్ట ఆమె ముక్కుపుడక లాగేసి మింగింది. ముక్కుపుడక అడవిలో పడిపోయిన వస్తువు కిందికి వస్తుందనీ, వెతుక్కోవడానికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలనీ కాపలావాడు చెప్పాడు.

ఈ సందడంతటి మధ్యా సూరిబాబు పొద్దున్నే లేచి, ఒరిగిపోయిన పిట్టల్ని తట్టలో ఏరుకునేవాడు. ఒకరోజు పద్నాలుగు, ఒకరోజు ఇరవై. చక్రవేణి మిగిలినవాటి గొంతులు ఒక్కొక్కటీ వేలితో నిమిరేది. కొన్ని ఆమె అరచేతిలోనే ఆఖరి గాలి పీల్చుకునేవి. గుడ్ల నుంచి పొదిగించిన పిట్టలవి. గుడ్డులోంచి బయటపడ్డప్పుడు బొటనవేలంత ఉండేవి.

ఆరో రోజున తాకీదు వచ్చింది. సూరిబాబు దాన్ని కళ్ళకద్దుకుని విప్పాడు.

'మీ నిర్లక్ష్యము వలన దినమునకు సగటున పదునేడు ఆవాసములు కూలిపోవుచున్నవి. ఇందువలన యాభై యొక్క జంటలు ప్రతిదినము నిరాశ్రయులగుచున్నారు. అడవిని నాశనము చేసినందుకు మీపై చర్య ఏల తీసికొనరాదో మూడు దినములలో తెలుపుడు.'

సూరిబాబు అరుగు మీద కూలబడ్డాడు. తాకీదు మీద ముద్ర చక్కగా, గుండ్రంగా, సిరా ఎక్కడా పారకుండా పడింది. జీవితంలో మొట్టమొదటిసారి అతను ముద్ర ఉన్న కాగితాన్ని బోర్లించి పక్కన పెట్టాడు.

"లే మావా," అంది చక్రవేణి. "ఈసారి నేనడుగుతాను. నువ్వు నోరెత్తకు. నీకు నిజం తప్ప ఏం రాదు."

*

త్రివిక్రమరావు గారు తనిఖీకి వచ్చినప్పుడు ఆమె మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా నిలబడింది.

"ఒక మాటండి బాబూ. పిట్ట చచ్చిపోయాక దాని గొంతులో నట్ట ఎన్నాళ్ళు బతుకుద్దండి?"

అధికారి గుమాస్తా వంక చూశాడు. గుమాస్తా మజ్జిగ వంక చూశాడు.

"బతకదండి. అంటే, పిట్టలో ఉండడం నట్టకి ప్రమాదం కదండి? కూలిపోయే ఇంట్లో కాపరం పెట్టినట్టు. తమరేవో పట్టా ఇచ్చి కూర్చోబెట్టారు. పాపం అవి బయటికి ఎల్దామనుకున్నా, దారి చూపించేవోళ్ళు లేరు."

"ఏమందువు? వాటికి వెడలిపోవు కోరిక కలదా?"

"మనసులో ఉంటాదండి. మొగుడూ పెళ్ళాం ఉన్నాక ఆరుబయట సొంతిల్లు కావాలని ఉండదేటండి? ఎనకమాల మా పెంటగుంత ఉంది. రెండు సెంట్లు ఆటికి రాసిచ్చేత్తాం. ఆ సంచిలో పొడి మేతలో కలిపితే నట్టలు ఆ గొంతు ఒదిలి బయటికొచ్చేత్తాయని డాక్టరమ్మ రాసిత్తారు. చంపడం అని ఎవరన్నారండి? ఇల్లు మార్చడం."

త్రివిక్రమరావు గారు మజ్జిగ తాగడం మరిచిపోయాడు. ఆయన కళ్ళ ముందు పెద్ద పెద్ద అక్షరాలు తేలాయి. నట్టల స్వచ్ఛంద వలస! ఎక్కడా, ఎప్పుడూ, ఎవరూ చేయించలేదు. ఉత్తమ అధికారి పురస్కారానికి దరఖాస్తుల గడువు ఎల్లుండి సాయంత్రం ఐదింటితో ముగుస్తుంది.

"వలస స్వచ్ఛందమైనచో అభ్యంతరము లేదు. కాని స్వచ్ఛందమని రుజువేది? నివాసులందరి సమ్మతి కావలెను. వేలిముద్రలతో."

"నట్టలకి వేళ్ళుండవు కదండి," అన్నాడు సూరిబాబు, ఆగలేక. చక్రవేణి మోచేత్తో పొడిచింది.

"ప్రతినిధులు వేయవచ్చును. నట్టకు ఒక ప్రతినిధి. ఆడ నట్టకు స్త్రీ, మగ నట్టకు పురుషుడు. దంపతులను విడదీయరాదు గనుక, జంట జంటగా. యజమాని, యజమానురాలు వేయరాదు, వారు ఎదుటి పక్షము." ఆయన లెక్కించాడు. రోజుకి పదిహేడు చొప్పున పోగా, ఎల్లుండికి మిగిలేవి నూట నలభై పిట్టలు. పిట్టకి మూడు జంటలు. "నాలుగువందల ఇరువది జంటలు. ఎల్లుండి ఐదు గంటలలోపున. మీరినచో ఫైలు ఉన్నత సంఘమునకు పోవును. వారు మూడు మాసములకొకసారి కూడుదురు."

*

ఆ రెండు రోజులూ చక్రవేణి ఊళ్ళో ఎక్కని గడప లేదు.

"నేనేం నట్టనటే?" అని గయ్యిమన్నాడు వీరభద్రం పెదనాన్న.

"ఒక్క పూట అవ్వు పెదనాన్నా. నీ వేలేం అరిగిపోదు, పిట్టలు బతుకుతాయి."

"మీ పెద్దమ్మ ఇరవై ఏళ్ళుగా నన్నదే అంటంది. ఇప్పుడు కాగితం మీద కూడా ఒప్పుకోమంటావేటి?"

"ఒప్పుకో, ఒప్పుకో," అంది లోపల్నుంచి పెద్దమ్మ. "ఆలస్యమైనా నిజం ఒప్పుకుంటే పుణ్యం."

ఎల్లుండి పొద్దుటికి షెడ్డు ముందు తిరునాళ్ళలా ఉంది. ఊరివాళ్ళు చాలక ఎగువపాలెం వాళ్ళూ, దారిన పోతున్న పెళ్ళిబస్సు దిగిన వాళ్ళూ వరస కట్టారు. సూరిబాబు సమ్మతి పత్రాన్ని, తన అలవాటు కొద్దీ, మొదటి పేరా నుంచి చివరి పేరాదాకా అందరికీ వినబడేలా చదివాడు. నాలుగో పేరా త్రివిక్రమరావు గారు స్వయంగా రచించింది: 'వేలిముద్ర వేసినవారును, వారు ప్రాతినిధ్యము వహించు నట్టయు ఒక్కరిగానే పరిగణింపబడుదురు. వలస వెడలిన నట్ట యీ ఆవరణలో మరల ఎన్నడును అడుగిడరాదు.'

"అడుగిడనిచ్చినచో మరల గొంతులో దూరును," అని అధికారి వివరించి, తన వాక్యాన్ని తానే మెచ్చుకుని తల ఊపాడు.

జంటలు వచ్చాయి, వేళ్ళు ముంచాయి, వేశాయి. ఆరేళ్ళుగా మాటల్లేని మొగుడూ పెళ్ళాలు దేవరపు సత్తెయ్యా, నాగమణీ ఎదురెదురు దిక్కులు చూస్తూ ఒకే సిరాపెట్టెలో వేళ్ళు ముంచారు.

"ఆయన్ని కాస్త జరగమనండి," అంది నాగమణి గుమాస్తాతో.

"జరగడానికి లేదని చెప్పండి, చచ్చేదాకా అతుక్కుని ఉండాలంట," అన్నాడు సత్తెయ్య గుమాస్తాతోనే. ఆ మాటకి నాగమణి నవ్వాపుకోలేకపోయింది. వాళ్ళిద్దరూ కలిసి ఇంటికెళ్ళారు. ఆ రోజు ప్రభుత్వ కాగితం వల్ల జరిగిన మేలు అదొక్కటే.

నాలుగుంపావుకి లెక్క చూశారు. నాలుగువందల పంతొమ్మిది జంటలు పూర్తి. నాలుగువందల ఇరవయ్యో జంటలో ఆడ నట్ట తరఫున గంగాభవాని వేలిముద్ర వేసి నిలబడి ఉంది. ఆమె మొగుడు కువైట్‌లో ఉన్నాడు. ఊళ్ళో వేలున్న మగవాళ్ళందరూ అప్పటికే నట్టలైపోయారు. ఎగువపాలెంలో ఇంకొకడున్నాడని పరుగెత్తుకెళితే, వాడు పొద్దున్నే సంతకి పోయాడు. కాపలావాణ్ణి పిలిస్తే, పొద్దున్నే మూడో జంటలో వాడూ వాడి పెళ్ళాం వేసేశారని తేలింది. గుమాస్తా నూట పదో మగ నట్ట.

ఒక్క మగ నట్ట తక్కువ.

గుమాస్తా ముందుకి వంగి, గొంతు తగ్గించి, "అయ్యా, ఒక మనవి. ఒక్క పిట్ట మరణించినచో మూడు జంటలు లెక్కలోంచి తగ్గును. అప్పుడు మనకు ఎక్కువే," అన్నాడు.

త్రివిక్రమరావు గారి ముఖం వెలిగింది. "సాధు! వేచియుందము. ఏది మరణించునట్లున్నది?"

చక్రవేణి ఒడిలో ఒకటుంది. మెడ పూర్తిగా చాచి, నోరు తెరిచి, రెక్కలు వాల్చేసింది. ఇంకొక గాలికి పోయేటట్టే ఉంది. అధికారి కుర్చీ దాని ముందుకి లాగించుకుని, చేతిగడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. ఊరంతా చుట్టూ మూగింది. నాలుగున్నర. పిట్ట ఒక గాలి పీల్చింది. నాలుగూ ముప్పై ఎనిమిది. ఇంకొకటి.

"ఇంకెంతసేపు?" అన్నాడు అధికారి పిట్టనే అడుగుతున్నట్టు.

సూరిబాబు లేచాడు. నలభై మూడు షరతులు మనసులో మెదులుతూనే ఉన్నాయి. అయినా అతని గొంతు ఎప్పుడూ లేనంత పెద్దదిగా వచ్చింది.

"దీన్ని చావనియ్యమంటారేటండి? గుడ్డులోంచి వచ్చిన రోజు మా ఆవిడ దూది మీద పడుకోబెట్టి బతికించింది దీన్ని. కాగితానికి ఒక వేలు తక్కువైందని ప్రాణం తక్కువ చేసుకోమంటారా? లేదండి. ఇది చావదు. మేం చావనివ్వం. కూర్చోండి, ఐదవ్వనివ్వండి."

ఏం మాయ జరిగిందో గానీ, పిట్ట మెడ కొంచెం వెనక్కి తీసుకుని, ఒక కన్ను తెరిచి, అధికారి వంక చూసింది. తర్వాత ఇంకొక గాలి పీల్చింది, గట్టిగా. నాలుగూ నలభై తొమ్మిది. అది చావాలని అధికారి ఎంత కోరుకున్నాడో, అది అంత పట్టుదలగా బతికింది. నాలుగూ యాభై మూడు. త్రివిక్రమరావు గారి నుదుటి మీద చెమట పోసింది. పురస్కారం దరఖాస్తు కట్ట పట్నంలో సిద్ధంగా ఉంది. ఫోను రాగానే దాన్ని దాఖలు చెయ్యడానికి అక్కడ మనిషి కాచుక్కూర్చున్నాడు. నాలుగూ యాభై ఆరు.

"అయ్యా," అంది గంగాభవాని, సిరా ఆరిపోతున్న వేలు పైకి చూపిస్తూ. "నేనెంతసేపండి, ఒంటి నట్టలా నిలబడాలి?"

త్రివిక్రమరావు గారు గభాల్న లేచాడు. ఎడమచేతి బొటనవేలు సిరాలో ముంచాడు. నాలుగువందల ఇరవయ్యో గడిలో, గంగాభవాని ముద్ర పక్కన, గుండ్రంగా, నిండుగా, ఎక్కడా పారకుండా అద్దాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పుళ్ళలోనే చక్రవేణి దూలానికున్న సంచి లాగి, లక్క ఊడదీసి, మొదటి చిటికెడు పొడి మేతలో కలిపి, నీళ్ళతో తడిపి, ఒళ్ళో ఉన్న పిట్ట నోట్లో పెట్టింది. నోరు ఎలాగూ తెరిచే ఉంది.

ఏడు రోజుల్లో నట్టలు పెంటగుంతకి వెళ్ళిపోయాయి, లేక ఎటు వెళ్ళాలో అటు వెళ్ళాయి. మధ్యలో ఆరు పిట్టలు పోయాయి. నూట ముప్పై నాలుగు నోళ్ళు మూసుకుని, మళ్ళీ మేతకి మాత్రమే తెరుచుకున్నాయి. సూరిబాబు మట్టినేలంతా సున్నం చల్లి, పిట్టల్ని తిరిగి తీగ పంజరాల మీదికి ఎక్కించాడు. పురస్కారం త్రివిక్రమరావు గారికే వచ్చింది.

శాలువా మడత కూడా నలగకుండా ఆయన తనిఖీకి వచ్చాడు. తొమ్మిదో షరతు. నేల స్పర్శ. పిట్టలు మళ్ళీ తీగ మీద ఉన్నాయని కబురందింది. జీపు దిగి, గేటు మీద చెయ్యి వేశాడు.

సూరిబాబు గేటు లోపల నిలబడి, వంగి నమస్కారం పెట్టాడు. కాని గొళ్ళెం తియ్యలేదు.

"తమరు లోపలికి రాకూడదండి."

"ఏమి! నేను అధికారిని!"

"ఆయ్, అది తమరి ఉద్యోగవండి. కాగితంలో తమరు నాలుగువందల ఇరవయ్యో మగ నట్టండి." సమ్మతి పత్రం నకలు గేటు ఊచల మధ్యనుంచి అందించాడు. "నాలుగో పేరా. తమరి రాతేనండి."

త్రివిక్రమరావు గారు నాలుగో పేరా ఒకసారి చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. కామా ఎక్కడైనా తప్పు పడిందేమోనని మూడోసారి వెతికాడు. పడలేదు. ఇంత పకడ్బందీగా రాసినందుకు లోలోపల కొంచెం గర్వపడ్డాడు కూడా.

"మరి నేను తనిఖీ ఎచటినుండి చేయవలెను?"

సూరిబాబు ఎంతో మర్యాదగా, షెడ్డు వెనకాల వాలుగా ఉన్న రెండు సెంట్ల వైపు చెయ్యి చాపాడు. "తమరికి పట్టా ఇచ్చిన స్థలం అటేపండి."

అధికారి నకలు ఊచల మధ్యనుంచి తిరిగిచ్చేశాడు. కాగితం కాగితమే. పంచె కుచ్చెళ్ళు పైకి దోపుకుని, గొడుగు విప్పుకుని, గేటు పక్క నుంచి చుట్టూ తిరిగి పెంటగుంత వైపు నడిచాడు. గుమాస్తా, తాను నూట పదో వాణ్ణని గుర్తొచ్చి, ముక్కు మూసుకుని వెనకే వెళ్ళాడు.

చక్రవేణి గుమ్మంలోంచి తొంగిచూసింది. "పాపం, ఎండలో నిలబడ్డారు మావా. కుర్చీ ఎయ్యనా?"

"ఎయ్యి," అన్నాడు సూరిబాబు, నకలు జాగ్రత్తగా మడుస్తూ. "వలస వచ్చినోళ్ళకి సౌకర్యాలు కల్పించాలని ఆరో పేరాలో ఉంది."